కొలోన్ కెథడ్రల్: ఒక గోతిక్ కట్టడాన్ని చూసే పద్ధతి

ఈ పాఠంలో

గత పాఠాల్లో మధ్యయుగ ఐరోపాను రాజులు, పోపులు, వర్తక సంఘాల చరిత్రగా చదివారు. ఈ పాఠంలో అదే చరిత్రను ఒక కట్టడంలో చూస్తాం. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ నగరం నడిబొడ్డున నిలిచిన కెథడ్రల్ అది. పాఠం చదివాక మూడు విషయాలను మీ మాటల్లో చెప్పగలగాలి. గోతిక్ కట్టడం అంత ఎత్తుకు ఎలా లేచింది? 1248లో మొదలైన పని 1880 దాకా ఎందుకు సాగింది? ఒక కట్టడంలో దేనిని ‘అసలు’ది అనాలి, దేనిని అనకూడదు? మొదటి రెండింటికీ పుస్తకాల్లో జవాబులు దొరుకుతాయి. మూడోదానికి అంత సులువుగా దొరకదు. అందుకే చదువుతున్నంతసేపూ దానిని మనసులో పెట్టుకోండి.

స్టేషన్ బయట

ఐరోపాలో చాలా ఊళ్లలో కెథడ్రల్‌ను సందుల వెంట వెతుక్కుంటూ వెళ్లాలి. కొలోన్‌లో ఆ శ్రమ లేదు. ప్రధాన రైల్వే స్టేషన్ గుమ్మం దాటగానే మెట్ల పైన నల్లని రాతికొండలా ఎదురుగా నిలబడి ఉంటుంది. రైన్ నదిని దాటి వచ్చే రైళ్లు తిన్నగా దాని తూర్పు గోడ మీదికే వస్తున్నాయా అనిపిస్తుంది. ఇది కాకతాళీయం కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఇక్కడ మొదటి రైలు వంతెన వేసినప్పుడు దాని మధ్యరేఖ కెథడ్రల్ మధ్యరేఖకు సూటిగా ఉండాలని ప్రష్యా రాజు కోరాడు. ఇప్పుడున్న హోహెన్‌జోలెర్న్ వంతెన కూడా ఆ వరుసలోనే ఉంది. రైలూ కెథడ్రలూ ఒకదానికొకటి సంబంధం లేని యుగాలకు చెందినవని మనం అనుకుంటాం. ఇక్కడ మాత్రం రెండూ ఒకే తరం చేతుల మీదుగా పక్కపక్కన లేచాయి. ఎలాగో ముందు చూస్తారు.

కొలతలు ఒకసారి చెప్పుకొని వదిలేద్దాం. పొడవు సుమారు 144 మీటర్లు, అడ్డశాల దగ్గర వెడల్పు 86 మీటర్లు, జంట టవర్ల ఎత్తు 157 మీటర్లు. అంటే దాదాపు యాభై అంతస్తుల మేడ. 1880లో పూర్తయినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం ఇదే. 1884లో అమెరికాలోని వాషింగ్టన్ స్మారకస్తంభం వచ్చి ఆ పేరు తీసుకుపోయింది.

‘కెథడ్రల్’ అంటే పెద్ద చర్చి అని చాలామంది అనుకుంటారు. పరిమాణానికీ ఆ మాటకూ సంబంధం లేదు. ‘కథెద్రా’ అనే గ్రీకు పదానికి ఆసనం అని అర్థం. బిషప్ ఆసనం ఏ చర్చిలో ఉంటే అది కెథడ్రల్. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: పీఠం. పీఠాధిపతి కూర్చునే చోటు కాబట్టే అది చిన్నదైనా కెథడ్రలే, ఆయన పీఠం లేనిది ఎంత పెద్దదైనా చర్చే.

లోపలికి వెళ్లే ముందు కట్టడం చుట్టూ ఒకసారి నడవాలి. ఇది అలంకారానికి చెప్పే సలహా కాదు. గోతిక్ కట్టడంలో లోపల కనిపించే అందానికి కారణం బయట ఉంటుంది. పైగా కొలోన్‌లో కాలక్రమం కూడా ఆ నడకలోనే తెలుస్తుంది. అందరూ ఫొటో తీసుకునే పడమటి ముఖం, ఆ జంట టవర్లు, చాలామేరకు 19వ శతాబ్దపు పని. మధ్యయుగపు పని చూడాలంటే వెనక్కి, తూర్పు కొసకు వెళ్లాలి. పడమటి వైపున దక్షిణ టవర్ కింది భాగం మాత్రం పాతది. అక్కడున్న సెయింట్ పీటర్ ద్వారం ఈ కెథడ్రల్‌కు మధ్యయుగం నుంచి మిగిలిన ఒకే ఒక ద్వారం. దాని శిల్పాలను, పక్కనున్న ద్వారాల శిల్పాలను ఐదు నిమిషాలు పోల్చి చూసిన విద్యార్థికి శైలి, అనుకరణ అనే మాటల మీద నేను గంట సేపు చెప్పే పాఠం అక్కర్లేదు.

ఎముకల కోసం కట్టిన ఇల్లు

ఇంత కట్టడం ఎందుకు? భక్తి అని ఒక్క మాటలో చెబితే చరిత్ర చెప్పినట్టు కాదు.

చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా 1162లో ఇటలీలోని మిలాన్ నగరాన్ని లొంగదీసుకున్నాడు. ఆయన ఛాన్స్‌లర్, కొలోన్ ఆర్చ్‌బిషప్ అయిన రైనాల్డ్ ఫాన్ డాసెల్ 1164లో ఆ నగరం నుంచి కొన్ని ఎముకలను తన ఊరికి తెచ్చాడు. శిశువు యేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానులవి ఆ ఎముకలని అప్పటి విశ్వాసం. మత్తయి సువార్తలో వాళ్లు ఎందరో చెప్పలేదు, రాజులని కూడా అనలేదు. మధ్యయుగం నాటికి వాళ్లు ‘ముగ్గురు రాజులు’ అయ్యారు. ఎముకలు నిజంగా ఎవరివన్న విచారణ మనకు ఇక్కడ అవసరం లేదు. అవి వాళ్లవేనని నమ్మిన జనం వేల సంఖ్యలో కొలోన్‌కు నడిచి వచ్చారన్నది మాత్రం చరిత్ర. ఆకెన్‌లో కిరీటం పెట్టుకున్న కొత్త రాజులు అక్కడి నుంచి కొలోన్ వచ్చి ఈ ముగ్గురు రాజులకు మొక్కేవారు. యాత్రికులు వస్తే సత్రాలు, అంగళ్లు, కానుకలు వస్తాయి. కొలోన్ నగర చిహ్నంలో నేటికీ మూడు కిరీటాలున్నాయి. ఇదంతా యుద్ధంలో చేజిక్కిన సొత్తుతో మొదలైందని మరవకూడదు. మిలాన్ వాళ్లు మరవలేదు. శతాబ్దాలు అడగగా అడగగా, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆ అస్థికల్లో కొంత భాగం వాళ్లకు తిరిగి దక్కింది.

అస్థికలకు ముందు పేటిక చేశారు. వెర్డన్‌కు చెందిన నికోలస్ అనే స్వర్ణకారుడి పేరుతో ముడిపడిన ఈ పేటిక పని 12వ శతాబ్దం చివర మొదలై 1225 ప్రాంతంలో ముగిసింది. పొడవు 2.2 మీటర్లు. బంగారు పూత పూసిన వెండి, రాగి రేకులు, రత్నాలు, ప్రవక్తల బొమ్మలు. రూపంలో అది ఒక చిన్న చర్చి. ఆ పేటికకు తగిన ఇల్లు కావాలి కదా. అప్పటికున్న పాత కెథడ్రల్‌ను పడగొట్టే ప్రయత్నంలో 1248 ఏప్రిల్‌లో నిప్పు పెడితే అది అదుపు తప్పి చాలావరకు కాలిపోయింది. అదే ఏడు ఆగస్టు 15న ఆర్చ్‌బిషప్ కోన్రాడ్ ఫాన్ హోహ్‌స్టాడెన్ కొత్త కట్టడానికి శంకుస్థాపన చేశాడు. మొదటి స్థపతి పేరు గెర్‌హార్డ్. ఆయన ఫ్రాన్స్ కట్టడాలు, ముఖ్యంగా 1220లో మొదలైన ఆమియెన్స్ కెథడ్రల్, బాగా తెలిసినవాడు. కొలోన్ తూర్పు భాగపు ప్లాన్ దానికి దగ్గరి చుట్టం.

రాతి అస్థిపంజరం

‘గోతిక్’ అనేది ఆ శైలిలో కట్టినవాళ్లు పెట్టుకున్న పేరు కాదు. రోమన్ వైభవాన్ని గోత్ తెగలు నాశనం చేశాయని, ఆ మొరటుతనమే ఈ కట్టడాల్లో ఉందని ఇటలీ పునరుజ్జీవన కాలపు రచయితలు వేసిన నింద అది. గోత్‌లకు ఈ శైలితో ఏ సంబంధమూ లేదు. నింద పోయింది, పేరు మిగిలింది. ఈ శైలి పుట్టిల్లు పారిస్ పక్కనున్న సెయింట్ డెనీ మఠం. అక్కడ మఠాధిపతి సూజే కట్టించిన తూర్పు భాగం 1144లో ప్రతిష్ఠ జరుపుకుంది.

ఇక అసలు సంగతి. రాయికి ఒక గుణం, ఒక దోషం ఉన్నాయి. ఎంత బరువు పెట్టి నొక్కినా తట్టుకుంటుంది, వంచితే, లాగితే పగిలిపోతుంది. అందుకే రాతి దూలాన్ని పెద్ద దూరానికి వేయలేం. మన గుడి మండపాల్లో స్తంభాలు దగ్గర దగ్గరగా ఉండటానికి ఇదొక కారణం. కమాను ఈ చిక్కును తప్పిస్తుంది. పైనున్న బరువు రాతి నుంచి రాతికి నొక్కుడుగానే దిగుతుంది. కానీ కమాను ఊరకే ఉండదు, కాళ్లను పక్కలకు తోస్తూనే ఉంటుంది. ఆ తోపును తట్టుకోవడానికి పాత కాలపు రోమనెస్క్ చర్చిల గోడలను అతి మందంగా కట్టేవారు. గోడ మందమైతే కిటికీ చిన్నదవుతుంది. లోపల చీకటి.

ఇప్పుడు గోడకు ఆనించిన నిచ్చెనను తలుచుకోండి. దాని కాళ్లు గోడకు దూరంగా పెడితే జారతాయి, ఎవరో ఒకరు పాదం అడ్డం పెట్టాలి. దగ్గరగా, నిటారుగా పెడితే జారే బలం తగ్గుతుంది. కొసలో మొనదేరిన గోతిక్ కమానును ఒకదానికొకటి ఆనుకున్న రెండు నిటారు నిచ్చెనలుగా ఊహించుకోవచ్చు. అర్ధవృత్తపు కమాను కన్నా ఇది పక్కలకు తోసే బలం తక్కువ. దీనికి ఇంకో మేలు కూడా ఉంది, పాఠ్యపుస్తకాలు దీనిని తరచు వదిలేస్తాయి. అర్ధవృత్తపు కమాను ఎత్తు ఎప్పుడూ దాని వెడల్పులో సగమే. వెడల్పు మారితే ఎత్తూ మారిపోతుంది. మొనదేరిన కమానుకు ఈ కట్టుబాటు లేదు. వెడల్పు వేరువేరుగా ఉన్నా అన్నింటినీ ఒకే ఎత్తుకు తేవచ్చు. దీనితో స్థపతికి స్తంభాలను ఎక్కడ నిలపాలన్న దానిలో స్వేచ్ఛ వచ్చింది.

పైకప్పును తల ఎత్తి చూస్తే పక్కటెముకల్లాంటి సన్నని రాతి పట్టీలు మూలల నుంచి వచ్చి మధ్యలో కలుస్తాయి. కప్పు బరువు నాలుగు మూలల స్తంభాల వైపు చేరుతుంది. స్తంభాల మధ్య గోడకు మోసే పని దాదాపు లేదు. పని లేని గోడను తీసేసి గాజు పెట్టారు. మిగిలిన పక్కతోపును ఏం చేయాలి? ఇక్కడే ఫ్లయింగ్ బట్రెస్ వస్తుంది. గోడకు దూరంగా ఒక బలమైన రాతి దిమ్మె, దాని నుంచి గాలిలో చాచిన చెయ్యిలా గోడను పట్టుకునే సగం కమాను. ఆ దిమ్మెల నెత్తిన ఉన్న చిన్న శిఖరాలను చాలామంది అలంకారమే అనుకుంటారు. నిలబడ్డ మనిషిని పక్క నుంచి తోస్తే పడతాడు, భుజాల మీద బస్తా ఉన్నవాడు అంత తేలిగ్గా పడడు. ఆ శిఖరాలు దిమ్మె భుజాన వేసిన బస్తాలు. పక్కతోపును తమ బరువుతో కిందికి మళ్లిస్తాయి.

ఇలా కొలోన్ మధ్యశాల పైకప్పు నేల నుంచి 43 మీటర్లకు పైగా లేచింది. అప్పట్లో లెక్కలు వేసే బలవిజ్ఞానం లేదు. జ్యామితి, అనుభవం, పక్క ఊళ్లో ఏం కూలిందన్న వార్త, ఇవే ఆధారాలు. ఫ్రాన్స్‌లో బోవే స్థపతులు 48 మీటర్ల దాకా వెళ్లారు. 1284లో వాళ్ల పైకప్పులో ఒక భాగం కూలింది. కొలోన్ తూర్పు భాగం 1322లో ప్రతిష్ఠ జరుపుకుని నేటికీ నిలిచే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: (1) మొనదేరిన కమాను వల్ల కలిగిన రెండు ప్రయోజనాలను బొమ్మ గీసి వివరించండి. (2) దిమ్మెల మీది చిన్న శిఖరాలను తీసేస్తే కట్టడానికి ఏమవుతుంది? ఐదు వాక్యాలకు మించకుండా రాయండి.

ఆగిన పని, మిగిలిన క్రేను

తూర్పు భాగం పూర్తయ్యాక పడమటి వైపున తాత్కాలికంగా ఒక గోడ పెట్టి ప్రార్థనలు మొదలుపెట్టారు. ఆ తాత్కాలికపు గోడ 1863 దాకా ఉంది! మధ్యశాల స్తంభాలు కొంత లేచాయి, దక్షిణ టవర్ 50 మీటర్లకు పైగా వచ్చింది. 16వ శతాబ్దంలో పని నీరసించి 1560లో పూర్తిగా ఆగిపోయింది. కానుకలు తగ్గాయి. లూథర్ తర్వాత జర్మనీ మతపరంగా చీలింది. కొత్త తరం అభిరుచి గోతిక్‌ను దాటిపోయింది. వీటిలో ఏ ఒక్కదాన్నో అసలు కారణంగా తేల్చడం నాకు సబబుగా తోచదు.

సగం కట్టిన టవర్ నెత్తిన ఒక చెక్క క్రేను ఉండిపోయింది. మనుషులు చక్రంలో నడుస్తూ రాళ్లు పైకి లాగే రకం. 300 ఏళ్లకు పైగా కొలోన్ గురించి గీసిన ప్రతి చిత్రంలో ఆ క్రేను కనిపిస్తుంది. చివరికి అది ఊరికి గుర్తయి కూర్చుంది. దాన్ని దించింది 1868లో. 1794లో ఫ్రెంచి సేనలు నగరాన్ని పట్టుకున్నప్పుడు కెథడ్రల్ మేత నిల్వ చేసే గిడ్డంగి అయింది.

మళ్లీ పని మొదలు కావడానికి ఒక తోలు కాగితం తోడ్పడింది. పడమటి ముఖం ఎలా ఉండాలో మధ్యయుగపు స్థపతులు గీసిన చిత్రం అది. ఎత్తు 4 మీటర్లకు పైనే. ఫ్రెంచి కాలపు గందరగోళంలో కనిపించకుండా పోయింది. 1814లో ఒక సగం డార్మ్‌స్టాట్‌లో ఒక సత్రం అటక మీద దొరికి గెయోర్గ్ మోలర్ అనే వాస్తుశిల్పి చేతికి వచ్చింది. దాని మీద చిక్కుడు గింజలు ఎండబెట్టేవారని చెబుతారు. రెండో సగాన్ని సుల్పిజ్ బోసెరే అనే కొలోన్ పండితుడు 1816లో పారిస్‌లో కనుక్కున్నాడు. అతికించిన ఆ చిత్రం ఇప్పుడు కెథడ్రల్‌లోనే ఒక చిన్న ప్రార్థనాలయంలో తెర వెనక ఉంది. వెళ్లినవాళ్లు దాన్ని వెతికి చూడాలి. అది లేకుంటే 19వ శతాబ్దపు టవర్లు ఎలా ఉండేవో, అసలు ఉండేవో లేదో కూడా చెప్పలేం.

ఎవరి కెథడ్రల్?

1842 సెప్టెంబర్ 4న ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం రెండోసారి శంకుస్థాపన చేశాడు. ఆ రాజు ప్రొటెస్టంటు. కొలోన్ కాథలిక్కుల ఊరు, అది ప్రష్యా చేతికి వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా కాలేదు. ఆ ఊరి కెథడ్రల్‌ను ప్రష్యా రాజు ఎందుకు కట్టించాలి? నెపోలియన్ ఓటమి తర్వాత, చీలికలు పేలికలుగా ఉన్న జర్మన్ రాజ్యాలను ఒకటి చేయాలన్న ఆకాంక్షకు ఈ అసంపూర్ణ కట్టడం ప్రతీక అయింది. 1814లోనే యోసెఫ్ గోరెస్ తన పత్రికలో దీన్ని పూర్తిచేయడం జాతి కర్తవ్యమని రాశాడు. గోతిక్ జర్మన్ల సొంత శైలి అని చాలామంది మనసారా నమ్మారు. అది ఫ్రాన్స్‌లో పుట్టిందని తర్వాత పరిశోధకులు తేల్చారు. తప్పుడు చరిత్ర మీద నిజమైన కట్టడం లేచిందన్నమాట. అందరూ నమ్మలేదు. కవి హైన్‌రిష్ హైనె 1844లో వెలువడిన తన కావ్యంలో ఈ కెథడ్రల్‌ను మనసును బంధించే కోటగా చిత్రించి, ఇది పూర్తి కాదని ఎగతాళి చేశాడు. కాలం ఆయన జోస్యాన్ని వమ్ము చేసింది. ఆయన శంకను కూడా వమ్ము చేసిందని నేననుకోను.

డబ్బు ప్రభుత్వం నుంచీ ప్రజల నుంచీ వచ్చింది. 1842లో పుట్టిన కెథడ్రల్ నిర్మాణ సంఘం చందాలు పోగుచేసింది. చాలనప్పుడు 1860ల్లో లాటరీ కూడా నడిపారు. స్విర్నర్, ఆయన తర్వాత ఫోయిగ్టెల్ అనే స్థపతులు పని సాగించారు. ముఖం మధ్యయుగపు చిత్రం ప్రకారమే. కానీ పైకప్పు మీది దూలాల చట్రానికి చెక్క బదులు ఇనుము వాడారు. రాళ్లు ఎత్తడానికి ఆవిరి యంత్రాలు వచ్చాయి. రైలు వంతెనను, కెథడ్రల్‌ను ఒకే తరం కట్టిందని మొదట్లో అన్నది ఇందుకే.

1880 అక్టోబర్ 15న చక్రవర్తి మొదటి విలియం సమక్షంలో పూర్తి ఉత్సవం జరిగింది. పీఠాధిపతి, ఆర్చ్‌బిషప్ మెల్కర్స్ మాత్రం అక్కడ లేడు. బిస్మార్క్ ప్రభుత్వానికీ కాథలిక్ చర్చికీ మధ్య నడిచిన పోరులో ఆయన ప్రవాసంలో ఉన్నాడు. పీఠం కోసం కట్టిన ఇంటి గృహప్రవేశానికి పీఠాధిపతి రాలేని పరిస్థితి. కట్టడాలను మతచరిత్రగా మాత్రమే చదివేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి.

లోపల

పురుషులు టోపీ తీసి లోపలికి వెళ్లాలి. చెప్పులు విప్పే అలవాటున్న మనకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఎర్రని పొడుగు అంగీలు తొడిగిన సిబ్బంది సందర్శకులను మర్యాదగానే దారిలో పెడుతుంటారు. ప్రార్థన జరిగేటప్పుడు పర్యాటకులు తిరగకూడదు. దక్షిణ టవర్ ఎక్కడానికి టికెట్ ఉంది. 533 మెట్లు, లిఫ్ట్ లేదు, మెలికలు తిరిగే ఇరుకు దారిలో ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరినొకరు రాసుకుంటూ పోవాలి. దారిలో 1923లో పోతపోసిన 24 టన్నుల సెయింట్ పీటర్ గంట కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గంటను కింద నుంచే విని సరిపెట్టుకోవడం మేలు. నేను అదే చేశాను.

ముందు చూడవలసింది గేరో శిలువ. 10వ శతాబ్దంలో ఓక్ చెక్కతో చెక్కిన నిలువెత్తు క్రీస్తు. అంతకుముందు శిలువ మీది క్రీస్తును ఎక్కువగా కళ్లు తెరిచిన విజేతగా చూపేవారు. ఇక్కడ తల వాలిపోయింది, పొట్ట కిందికి జారింది, బరువుకు భుజాలు సాగాయి. చనిపోయిన మనిషి. ఇప్పటి కెథడ్రల్ కన్నా ఇది 250 ఏళ్లకు పైగా పాతది. ఆ తర్వాత ప్రధాన బలిపీఠం వెనక ముగ్గురు రాజుల పేటిక, స్టెఫాన్ లోహ్‌నర్ 1445 ప్రాంతంలో చిత్రించిన నగర రక్షకుల బలిపీఠ చిత్రం, 14వ శతాబ్దం తొలినాళ్ల 104 చెక్క ఆసనాలు.

ఆ ఆసనాల శిల్పాల్లో యూదులను పందితో జోడించి హేళన చేసే బొమ్మ కూడా ఉంది. గైడు చెప్పకపోవచ్చు, మీరు తెలుసుకోవాలి. ఇదే కట్టడంలో 1266 నాటి ఒక శిలాశాసనం ఉంది. ఆర్చ్‌బిషప్ ఎంగెల్‌బెర్ట్ కొలోన్ యూదుల శ్మశానానికి, వ్యాపారానికి ఇచ్చిన రక్షణల పత్రం అది, అందరికీ కనిపించేలా రాతిలో చెక్కించారు. 1349లో నగరంలో యూదులను ఊచకోత కోశారు. 1424లో మిగిలినవాళ్లను వెళ్లగొట్టారు. రాతి మీద రాసిన మాట కూడా వాళ్లను కాపాడలేదు. శాసనాలను చదివే విద్యార్థులు, ముఖ్యంగా దానశాసనాల్లోని హామీలను యథాతథంగా జరిగిన చరిత్రగా తీసుకునేవాళ్లు, ఈ రాయిని గుర్తుంచుకోవాలి.

గాజు

రంగు గాజు కిటికీలను ‘చదువురానివారి బైబిల్’ అంటూ పుస్తకాలు సులువుగా చెప్పేస్తాయి. 43 మీటర్ల ఎత్తున్న శాలలో పై వరుస కిటికీల బొమ్మలను కింద నుంచి పోల్చుకోవడం ఎంత కష్టమో అక్కడ నిలబడితే తెలుస్తుంది. అవి కథ చెప్పడం కన్నా వెలుతురు రంగు మార్చడం కోసం ఉన్నాయని నా అభిప్రాయం. దగ్గరగా చదవదగ్గవి కింది ప్రార్థనాలయాల్లో ఉన్నాయి. 1260 ప్రాంతపు బైబిల్ కిటికీ వాటిలో పాతది.

దక్షిణ అడ్డశాలలోని పెద్ద కిటికీ మాత్రం 2007 నాటిది. యుద్ధంలో పాతది పోయాక సాదా గాజుతో నెట్టుకొచ్చారు. చిత్రకారుడు గెర్‌హార్డ్ రిష్టర్ అక్కడ బొమ్మలేవీ లేకుండా 72 రంగుల్లో 11,000కు పైగా చదరపు గాజు ముక్కలు అమర్చాడు. రంగులను కెథడ్రల్ పాత కిటికీల నుంచే తీసుకుని, ఏ ముక్క ఎక్కడ పడాలన్నది చాలావరకు కంప్యూటర్ యాదృచ్ఛిక ఎంపికకు వదిలాడు. ఇది మసీదుకో మరో ప్రార్థనాలయానికో నప్పుతుందని అప్పటి ఆర్చ్‌బిషప్ కార్డినల్ మైస్నర్ బాహాటంగానే విమర్శించాడు. ఎండ పడే వేళ ఆ రంగులు ఎదుటి స్తంభాల మీద పాకుతుంటే జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. ఎవరి పక్షం న్యాయమో మీరే రాయండి, ఇది అసైన్‌మెంట్‌కు మంచి విషయం.

బాంబులు, ఇటుకలు, మరమ్మతు

1942 మే 30 రాత్రి వెయ్యి విమానాలతో బ్రిటన్ జరిపిన మొదటి దాడికి గురి కొలోన్. 1945 నాటి ఫొటోల్లో చుట్టూ ఊరంతా శిథిలం, మధ్యలో కెథడ్రల్. దేవుడు కాపాడాడని కొందరు, విమానాలకు గుర్తుగా ఉంటుందని వదిలేశారని కొందరు అంటారు. నిజానికి దానిని వదిలేయలేదు. 14 పెద్ద బాంబులు తగిలాయి, మధ్యశాల పైకప్పు కొన్నిచోట్ల కూలింది. నిలవడానికి కారణం ఇంతకుముందు చదివిన అస్థిపంజరమే. పేలుడు ఒత్తిడి గోడలను తోసేలోగా విశాలమైన కిటికీల గుండా బయటికి పోయింది. ఒక ఊతం దెబ్బతింటే బరువు పక్క ఊతాలకు మళ్లింది. పైకప్పు చట్రం ఇనుముది కాబట్టి అగ్గిబాంబులకు అంటుకోలేదు. పాత గాజును ముందే విప్పి దాచారు. అంటే మధ్యయుగపు ప్లాన్‌ను, 19వ శతాబ్దపు ఇనుమును విడదీసి ఏది కాపాడిందో చెప్పలేం.

1943లో ఉత్తర టవర్ మూలదిమ్మెకు బాంబు తగిలి పెద్ద గొయ్యి పడింది. టవర్ ఒరిగిపోకుండా ఆ గొయ్యిని హడావిడిగా వేల ఇటుకలతో పూడ్చారు. రాతి మధ్య ఆ ఇటుకల అతుకు దశాబ్దాల పాటు కనిపించేది. 2005 నాటికి దానికి రాయి తొడిగి మునుపటి రూపం తెచ్చారు. అతుకును అలాగే ఉంచాల్సిందని వాదించినవాళ్లు ఉన్నారు. నేనూ వాళ్ల వైపే. 1880 టవర్‌ను ‘అసలు’ది అని ఒప్పుకున్నప్పుడు 1943 ఇటుకలకు ఆ గౌరవం ఎందుకు దక్కకూడదు?

కెథడ్రల్ నలుపు కూడా ఇలాంటి చరిత్రే. మధ్యయుగపు రాయి రైన్ ఎగువనున్న డ్రాహెన్‌ఫెల్స్ కొండ నుంచి పడవల్లో వచ్చిన ట్రాకైట్ అనే అగ్నిశిల. కొండ కరిగిపోతోందని ప్రష్యా ప్రభుత్వం 1836లో దాన్ని కొని తవ్వకం ఆపించింది. 19వ శతాబ్దపు స్థపతులు వేరువేరు గనుల ఇసుకరాళ్లు తెచ్చుకోవలసి వచ్చింది. వాటిలో కొన్నింటికి బొగ్గుపొగలోని గంధకం పడలేదు. ఆమ్లం సోకి రాయి జిప్సంగా మారి పొరలుగా రాలింది. ఫలితంగా కొన్నిచోట్ల 600 ఏళ్ల రాయి గట్టిగా ఉంది, 140 ఏళ్ల రాయి మార్చాల్సి వస్తోంది. కెథడ్రల్‌కు సొంత శిల్పశాల ఉంది. రాతిపనివాళ్లు, గాజుపనివాళ్లు, కమ్మరులు అక్కడ ఏడాది పొడవునా పనిచేస్తారు. పరంజా లేని కెథడ్రల్ ఫొటో దొరకడం అరుదు. 1996లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నది అవతలి ఒడ్డున ఎత్తైన భవనాల ప్రతిపాదన వచ్చినప్పుడు 2004లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో పెట్టింది. నగరం ఆ ఎత్తులు తగ్గించుకున్నాక 2006లో తీసేసింది.

క్షేత్ర పరిశీలన

కొలోన్ వెళ్లగలిగేది మీలో కొద్దిమందే. గోతిక్‌ను 19వ శతాబ్దంలో తిరిగి లేపిన అభిరుచి జర్మనీ దగ్గర ఆగలేదు. ఇంగ్లండు మీదుగా మిషనరీలతో మన దాకా వచ్చింది. మెదక్ కెథడ్రల్ అలా వచ్చినదే. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో కూలి దొరికే పనిగా దాని నిర్మాణాన్ని ఆ ప్రాంతం గుర్తుపెట్టుకుంది. మెదక్ బిషప్ పీఠం అక్కడే ఉంది కాబట్టి అది అక్షరాలా కెథడ్రల్.

వీలైనవాళ్లు పగటిపూట వెళ్లండి, చీకటి పడ్డాక రంగు గాజు కనిపించదు. ముందు చుట్టూ నడవండి. కమానులు ఎక్కడ మొనదేరాయో, ఎక్కడ లేదో రాసుకోండి. గోడ బరువు మోస్తోందా, స్తంభం మోస్తోందా చూడండి. గోడలకు ఊతాలు ఎంత బయటికి పొడుచుకు వచ్చాయో అడుగులతో కొలవండి. ఏ పని ఇక్కడి రాతిపనివాళ్ల చేతిదో, ఏది బయటి నుంచి తెచ్చి బిగించినదో అక్కడి పెద్దలను అడిగి తెలుసుకోండి. రెండు పేజీలకు మించకుండా, ఒక బొమ్మతో, మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు ఇవ్వండి.